ఉసిరిచెట్టుకు ఎవరి దిష్టి తగిలింది?

కిందటి నెల ఈ శీర్షికలో ఉసిరి తొక్కు నిల్వ పెట్టుకోవడం గురించి రాశాను కదా. దానికి ఉత్తరాలు బాగానే వచ్చాయి. ఉప్పు ఎంత వెయ్యాలి, జాడీకి వాసెన ఎన్నాళ్ళు కట్టాలి అని అడిగినవే ఎక్కువ. ఒక్క సోదరి మాత్రం వేరే మాట రాసింది. "అడవి ఉసిరికాయలైతేనే తొక్కుకు రుచి అని రాశారు. అడవిలో కాయలన్నీ మనమే కోయించుకుని జాడీల్లో నింపుకుంటే ఆ చెట్లు నిలుస్తాయా? జింకలేం తింటాయి? అడవి నుంచి ఆకు కూడా తేకూడదని మా అబ్బాయికి స్కూల్లో చెప్పారట. మీలాంటి వాళ్ళు ఇలా రాయొచ్చా?" అని.

చదివాక రెండు రోజులు నా మనసు మనసులో లేదు. నిజమే కదా అనిపించింది. జాడీ మూత తీసినప్పుడల్లా ఆ మాటే గుర్తొచ్చేది. సరే, ఊరికే "పొరపాటైంది" అని రాసేసి ఊరుకోకుండా ఆ సంగతేదో తెలుసుకుందామనుకున్నాను. ఎందుకంటే పోయిన డిసెంబరులో నేను ఒక చోట ఉసిరిచెట్లు చూసి వచ్చాను. అక్కడ విన్న మాటలు ఈ ఉత్తరానికి సగం జవాబు. మిగతా సగం మా పెద్దమ్మాయి చెప్పింది. అది బాటనీలో ఎమ్మెస్సీ చదువుతోంది. ఇంగ్లీషులో ఉన్న పరిశోధన వ్యాసాలు చదివి, నాకర్థమయ్యేలా తెలుగులో చెప్పింది. నాలుగు సార్లు అడిగితే నాలుగు సార్లూ విసుక్కుంటూనే చెప్పిందనుకోండి.

మా ఆడబిడ్డ వాళ్ళు మైసూరులో ఉంటారు. అక్కడికి దాదాపు 90 కిలోమీటర్ల దూరంలో, చామరాజనగర్ జిల్లాలో, బిళిగిరి రంగన కొండలున్నాయి. బిళి అంటే కన్నడంలో తెలుపు. కొండ అంచున తెల్లని బండ, దాని మీద రంగనాథస్వామి గుడి. ఆ అడవిలో సోలిగలనే గిరిజనులు తరతరాలుగా ఉంటున్నారు. వాళ్ళకి ఆ స్వామి బావ వరస. తమ పిల్ల కుసుమాలెను పెళ్ళాడాడని చెప్పుకుంటారు. "బావ" అనే పిలుస్తారట. నాకా మాట భలే నచ్చింది. మనం దేవుణ్ణి తండ్రీ అంటాం, స్వామీ అంటాం, బావా అనాలంటే చనువుండాలి మరి.

దర్శనమై కిందికి దిగుతుంటే దారి పక్కన ఒక ముసలాయన చిన్న బుట్టలో ఉసిరికాయలు పెట్టుకుని కూర్చున్నాడు. నిమ్మకాయ కన్నా చిన్నవి, ఆకుపచ్చా పసుపూ కలిసిన రంగు. నేను వెంటనే బుట్ట దగ్గర చతికిలపడ్డాను. బేరం ఆడబిడ్డ చేసింది, నాకు కన్నడం అంతంతమాత్రం కదా. "ఇంతేనా తాతా, ఇంకా తేకపోయావా?" అని అడిగించాను. ఆయన నవ్వి, "కాయ ఎక్కడుందక్కా? చెట్లన్నీ ముసలివైపోయాయి, పిల్లచెట్టు ఒక్కటి పైకి రావడం లేదు" అన్నాడు. మనుషులు ఎక్కువ కోసేశారేమో అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, లేచి పది అడుగుల దూరంలో ఉన్న చెట్టు దగ్గరకు తీసుకెళ్ళి రెండు చూపించాడు.

మొదటిది చెట్టు పైన. ఉసిరి ఆకులు సన్నగా ఉంటాయి, మీకు తెలిసిందే. ఆ కొమ్మల మధ్య దళసరి ఆకుల గుబురు ఒకటి వేలాడుతోంది, వేరే చెట్టునెవరో తెచ్చి అంటించినట్టు. చూడగానే గుర్తుపట్టాను. బదనిక! రెండోది చెట్టు కింద. నడుము దాటి ఎత్తు పెరిగిన ముళ్ళ పొద, ఒకే గుత్తిలో పసుపూ గులాబీ రంగు పూలు. దాన్నీ గుర్తుపట్టాను. పట్టకేం, రెండేళ్ళ కిందట నర్సరీలో డబ్బులిచ్చి కొని, మా ఇంటి గేటు పక్కన కుండీలో పెట్టుకున్న మొక్కే అది. లాంటానా. మా వైపు పులికంప అంటారు. ఆకు నలిపితే ఘాటు వాసన వస్తుంది.

ముందు బదనిక సంగతి చెప్తాను. రైల్వే కోడూరు దగ్గర మా పుట్టింటి వాళ్ళకు ఎకరంన్నర మామిడితోట ఉండేది. బదనికంటే ఏమిటో నాకు అక్కడే తెలిసింది. దాని ఆకు పచ్చగానే ఉంటుంది, తన తిండి తను కొంతవరకు వండుకుంటుంది. కానీ నీళ్ళు, ఉప్పులు మాత్రం చెట్టు ఒంట్లోంచే లాగుతుంది. పిట్టలు దాని పండు తిని, జిగురు గింజను ఇంకో కొమ్మకు అంటిస్తాయి. అక్కడే మొలుస్తుంది. మా నాయన ఏటా కాయ కోత అయ్యాక కొడవలి నడుముకు దోపుకుని ప్రతి చెట్టూ ఎక్కేవాడు. బదనిక పట్టిన కొమ్మను దానికి జానెడు కిందకి నరికి పడేసేవాడు. "కాయ కోసినవాడే చెట్టు ఎక్కాలి, ఎక్కినవాడికే కనపడుతుంది" అనేవాడు. నాయన పోయాక తమ్ముళ్ళు తోటను ఏడాదికింతని కాపు గుత్తకిచ్చారు. గుత్తదారుకి ఆ ఏడాది కాయ కావాలి గానీ పదేళ్ళ తర్వాతి చెట్టుతో పనేముంది? బదనిక తీసేవాడు లేక ఏడెనిమిదేళ్ళలో పెద్ద చెట్లు పదకొండు ఎండిపోయాయి. తమ్ముళ్ళని తప్పుపట్టడం లేదు, వాళ్ళ ఉద్యోగాలు వాళ్ళవి.

సోలిగ తాత చెప్పింది కూడా అచ్చం ఇదే. కాయకి చెట్టెక్కినప్పుడు బదనిక కొమ్మలు విరిచి పడేసేవాళ్ళట. ఇది ముసలాయన చాదస్తం కాదు. లూసీ రిస్ట్ అనే పరిశోధకురాలు, ఇంకొందరు శాస్త్రజ్ఞులు కలిసి ఈ అలవాటు మీదే పనిచేసి 2008లో వ్యాసం రాశారని మా అమ్మాయి చూపించింది.

అయితే ఆ కోత ఎందుకు ఆగింది? ఆ అడవి 1974లో అభయారణ్యమైంది. సోలిగలు అడవిలో చోట్లు మార్చుకుంటూ చేసుకునే సేద్యం పోయింది. పోడు అనే పేరున్న చిన్న చిన్న పల్లెల్లో స్థిరపడ్డారు. ఆ తర్వాత తేనె, ఉసిరి, పాచి లాంటివి ఏరి సహకార సంఘాల ద్వారా అమ్ముకునేవారు. కొన్ని పల్లెల్లో ఇంటికి వచ్చే రొక్కంలో దాదాపు సగం ఇవే. ఇలా ఉండగా 2002లో వన్యప్రాణి చట్టానికి సవరణ వచ్చింది. అభయారణ్యాల్లోంచి ఏదీ అమ్మకానికి తేకూడదన్నారు. కొద్ది ఏళ్ళలోనే అక్కడ ఉసిరి సేకరణ ఆగిపోయింది. చట్టం చేసినవాళ్ళ ఉద్దేశం మంచిదే. మనకు ఉత్తరం రాసిన సోదరిదీ అదే భయం, అందరం కోసుకుపోతే ఏం మిగులుతుందని.

మరి నిజంగా కోతే చెట్లను తినేస్తోందా? దీన్నే ఏళ్ళ తరబడి లెక్క కట్టారు. బెంగళూరులో ఏట్రీ అనే పరిశోధన సంస్థ ఉంది, కమల్ బావా గారు 1996లో స్థాపించారు. అక్కడి సిద్దప్ప శెట్టి గారు, హవాయి విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన తమారా టిక్టిన్ గారు, ఇంకొందరు కలిసి ఆ కొండల్లోని రెండు రకాల ఉసిరిచెట్లనూ పట్టుకున్నారు. ఒకటి మనమెరిగిన ఉసిరి, రెండోది దానికి చెల్లెలు వరస, కాయ కొంచెం పెద్దది. ఏ చెట్టు బతికింది, ఏది చచ్చింది, ఎన్ని మొలకలు లేచాయి, ఎన్ని నిలిచాయి అని ఏటా రాసుకుంటూ పోయారు. కాయ ఎంత కాసింది, ఎంత కోశారు, ఎంత మిగిలింది అన్న లెక్కలకి సోలిగలనే కూడా కూర్చోబెట్టుకున్నారు. 2012లో తేల్చింది ఏమిటంటే, చెట్లు తగ్గుతున్న మాట నిజం. కానీ కోత ఒక్కటీ ఆపినంత మాత్రాన ఆ తగ్గుదల ఆగదు. పెద్ద దెబ్బలు బదనికవీ, లాంటానావీ.

ఆలోచిస్తే అర్థమవుతుంది. ఉసిరిచెట్టు ఏళ్ళ తరబడి బతికి ఏటా కాస్తుంది. ఒక ఏడు కాయలు పోతే వచ్చే ఏడు మళ్ళీ కాస్తుంది. కాసే చెట్టే పోతే? రాలిన గింజ మొలిచినా, ఆ మొలకకి ఎండ తగలకపోతే? ఉసిరి మొలక నీడలో ఎదగదు. జింక, కణుజు కాయ మింగి గింజను ఇంకో చోట ఉమ్ముతాయి. ఉమ్మిన చోట లాంటానా దుప్పటి పరుచుకుని ఉంటే, ఆ గింజ కథ అంతే. దాని కింద గడ్డి కూడా లేవదు. గడ్డి లేకపోతే జింక ఆ చోటికి రానే రాదు.

ఈ లాంటానా మన దేశపుది కాదు. దక్షిణ అమెరికా వైపుది. 1800ల మొదట్లో దొరలు పూల అందానికని కలకత్తా తోటలోకి తెచ్చారు. బిళిగిరి కొండల్లో పరిశోధకులు 1997లో గుర్తులు పెట్టుకున్న చోట్లకే 2008లో మళ్ళీ వెళ్ళి చూస్తే, నూటికి 41 చోట్ల ఉన్నది 81 చోట్లకు పాకింది. పదకొండేళ్ళలో! దేశం మొత్తం మీద చూస్తే, వన్యప్రాణి సంస్థ వాళ్ళు 2020లో వేసిన లెక్క ప్రకారం దాదాపు 1,54,000 చదరపు కిలోమీటర్ల అడవిలో ఇది ఉంది. మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమంతా ఎంతో ఇంచుమించు అంత. నేను నర్సరీలో యాభై రూపాయలిచ్చి తెచ్చుకున్న మొక్క ఇది, చూశారా!

ఇక తాత చెప్పిన ఇంకో మాట ఉంది. దానికే నేను ఆశ్చర్యపోయాను. "మమ్మల్ని నిప్పు పెట్టొద్దన్నారు, అప్పట్నుంచే ఇదంతా" అన్నాడు. అడవికి నిప్పు పెడతారా అని నాకు గుండె గుభేలుమంది. మా ఆడబిడ్డ రెండు సార్లు అడిగి మరీ చెప్పింది. వాళ్ళు దాన్ని 'తరగు బెంకి' అంటారు, అంటే ఎండుటాకు మంట. చలికాలం పోతూ పోతూ, జనవరి ఫిబ్రవరి నెలల్లో, నేలలో ఇంకా చెమ్మ ఉండగానే రాలిన ఆకుకు నిప్పంటిస్తారు. మోకాలి ఎత్తు లేవని మంట. మెల్లగా పాకి, అక్కడక్కడా ఆగిపోతుంది. పెద్ద చెట్లకు సెగే గానీ చేటు లేదు. లాంటానా పిల్లమొక్కలు మాడిపోతాయి, బదనికకు ఆ సెగ పొగ పడవు, తర్వాత వానకి గడ్డి లేస్తుంది. అభయారణ్యమైన తర్వాత నిప్పు నిషేధం.

మొదట శాస్త్రజ్ఞులు దీన్ని ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడానికి కారణం కూడా ఉంది. అంకిలా హిరేమఠ్, భరత్ సుందరం గార్లు 2005లో రాసిన వ్యాసంలో, మంటలే లాంటానాను పెంచుతాయేమో, పెరిగిన లాంటానా మళ్ళీ మంటల్ని పెంచుతుందేమో, అదొక చక్రంలా తిరుగుతుందేమో అని ఊహించారు. తర్వాత వాళ్ళే సోలిగ పెద్దల దగ్గర కూర్చుని, ఏ ఏడు ఏం జరిగిందో అడిగి రాసుకున్నారు. పెద్దలందరూ చెప్పింది ఒకటే, మంటలు మానేశాకే ఇది పెరిగిందని. ఆ సంగతి 2012లో రాశారు. చదువుకున్నవాళ్ళు తమ ఊహకి ఎదురొచ్చే మాటను దాచకుండా అచ్చేయించడం నాకు గొప్పగా అనిపించింది. మనింట్లో "పోపులో తప్పు నాదే" అని ఒప్పుకోవడానికే ఎంత కష్టం!

అయితే రేపు పొద్దున్నే అగ్గిపెట్టె పట్టుకుని వెళ్ళమని ఎవరూ అనడం లేదు. చిక్కంతా ఇక్కడే ఉంది. అప్పుడు నేల మీద ఎండుటాకే ఉండేది. ఇప్పుడు మనిషి ఎత్తు లాంటానా ఉంది. ఎండిన లాంటానా కట్టెపుల్లల కట్ట లాంటిది. కింద అంటుకున్న నిప్పును చెట్టు కొమ్మల దాకా నిచ్చెనలా ఎక్కిస్తుంది. పక్కనే ఉన్న బందీపూర్ అడవిలో 2019 ఫిబ్రవరిలో వేల ఎకరాలు తగలబడ్డాయి. అలాంటివి చూసిన అటవీ ఉద్యోగులు నిప్పంటే భయపడ్డారంటే వాళ్ళను మాత్రం ఏమనగలం? ముందు లాంటానా తియ్యాలి, గడ్డి రావాలి, ఆ తర్వాత చిన్న మంట. ఎక్కడ, ఎప్పుడు, ఎంత అన్నది తెలిసినవాళ్ళు సోలిగ పెద్దలు. ఆ తాత వయసు డెబ్బై దాటింది. చెయ్యనివ్వని పనిని పిల్లలకెలా నేర్పుతాడు? నాకు ఉసిరిచెట్ల కన్నా ఆ ఆలోచనే ఎక్కువ బాధ కలిగించింది.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2011 జనవరిలో ఆ అడవిని పులుల రక్షిత ప్రాంతం చేశారు. అదే ఏడాది సోలిగల గ్రామసభలకు సామూహిక హక్కు పత్రాలు కూడా ఇచ్చారు. అంటే అడవి ఫలసాయం సేకరించుకోవచ్చు, అడవిని కాపాడే పనిలో పాలు పంచుకోవచ్చు అని. పులుల అడవిలో ఇలా హక్కులిచ్చింది దేశంలో ముందుగా అక్కడేనని చెప్తారు. నిప్పు మీద నిషేధం మాత్రం అలాగే ఉంది.

లాంటానా తీయడం గురించి పనికొచ్చే మాట ఒకటి చెప్తాను, మీ పెరట్లోనో చేని గట్టునో ఉంటే ఉపయోగం. పైన కొడితే పోదు. కొట్టిన కొద్దీ నాలుగింతలు చిగురేస్తుంది, నిప్పు పెట్టి వదిలేసినా మొదలు నుంచి మళ్ళీ లేస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో సి.ఆర్. బాబు గారి బృందం కార్బెట్ అడవుల్లో చేసి చూపించిన పద్ధతి ఇది. కాండం, వేరు కలిసే చోటు కన్నా కొంచెం కింద, మట్టిలో గునపంతో తల్లివేరు తెగ్గొట్టాలి. మొక్కను పైకి లాగి తలకిందులుగా పెట్టి ఎండనివ్వాలి, వేరు మళ్ళీ నేలకు తగలకూడదు. పూతకు, కాయకు రాక ముందే చెయ్యాలి. ఖాళీ అయిన చోట వెంటనే గడ్డి గింజలో, మన నేల మొక్కలో వేసెయ్యాలి, లేకపోతే అదే మళ్ళీ వస్తుంది. చేతులకు గుడ్డ చుట్టుకోండి, కాండానికి ముళ్ళుంటాయి. ఇంకోటి, ఆవులు గేదెలు ఉన్నవాళ్ళు జాగ్రత్త. ఈ ఆకు తింటే పశువుకి కామెర్లు వస్తాయి, ఎండలోకి వెళ్తే చర్మం పగులుతుంది.

తీసిన కట్టెను కూడా ఊరికే పారెయ్యడం లేదు. మలె మహదేశ్వర కొండల్లో ఏట్రీ వాళ్ళ సాయంతో సోలిగలు, ఇతర ఊళ్ళవాళ్ళు వెదురు బదులు దీన్ని ఉడకబెట్టి తోలు తీసి కుర్చీలు, బుట్టలు, అలమరలు చేస్తున్నారు. నీలగిరిలో గిరిజన కళాకారులు దీంతోనే నిలువెత్తు ఏనుగులు చేశారు. అవి 2021లో లండన్ పార్కుల్లో నిలబడ్డాయి. ఫొటో చూస్తే నిజం ఏనుగులే అనుకున్నాను.

ఇక ఉత్తరం రాసిన సోదరికి. బజార్లో పెద్ద నిమ్మకాయంత, నున్నగా, లేత రంగులో మెరిసే ఉసిరికాయలు తోటల్లో పండించినవి. ఉత్తరప్రదేశ్‌లో ప్రతాప్‌గఢ్ వైపు ఈ తోటలు ఎక్కువ, అంటుమొక్కలు. మన ఊరగాయకు కొనేవి చాలా మటుకు ఇవే, కాబట్టి వాటితో అడవికి పేచీ లేదు. అడవి కాయ చిన్నది, పీచు, వగరు ఎక్కువ. అది గిరిజనుల దగ్గరో వాళ్ళ సంఘాల దగ్గరో దొరికితే కొనండి. బేరం ఆడకండి. కొమ్మలతో సహా నరికి తెచ్చిన కాయ కనపడితే మాత్రం కొనొద్దు, అది చెట్టు మీద ఎక్కి కోసింది కాదు, చెట్టును కొట్టి తెచ్చింది. సేకరించడానికి హక్కు లేనివాళ్ళు దొంగతనంగా తెచ్చే కాయ విషయంలో మీ భయం నూటికి నూరు పాళ్ళూ సరైనదే. "అడవి ఉసిరికాయలైతేనే రుచి" అని ఊరికే రాసేసిన నాది తొందరపాటే. ఎవరి దగ్గర కొనాలో కూడా అప్పుడే రాసి ఉండాల్సింది.

మా గేటు పక్క కుండీ సంగతి అడుగుతారేమో. మొన్న ఆదివారం తీసేశాను. "పూలు బాగున్నాయి కదా వదినా, ఎందుకూ" అంది పక్కింటావిడ. చెప్పడం మొదలుపెడితే గంట పట్టింది, పాపం ఆవిడ పాలు పొంగిపోయాయి. కుండీలో ప్రస్తుతానికి కరివేపాకు మొక్క పెట్టాను. తాత దగ్గర కొన్న కాయల్లో చితికినవి నాలుగుంటే గింజలు తీసి పెరట్లో నాటాను, అందులో ఒకటి మొలిచింది. మిగిలినవి తొక్కయిపోయాయి. సగం జాడీ ఇంకా ఉంది, పోయిన వారం కోడూరు వెళ్తూ మా తమ్ముడి భార్యకు గిన్నెడు పట్టుకెళ్ళాను. పనిలో పనిగా తమ్ముణ్ణి తోటలోకి తీసుకెళ్ళి, మిగిలిన మామిడి చెట్లలో రెండింటి మీద బదనిక చూపించాను. కోత అయ్యాక ఎక్కుతానన్నాడు.